బతికున్న మనిషి పటం

తను బతికుండగానే తన చోట్లోకి ఇంకొకతి వచ్చి కూర్చుంటుందేమోనన్నదే యుక్‌లాన్‌కు అన్నిటికన్నా పెద్ద భయం. చావంటే ఆమెకంత భయం లేదు. పోయాక ఎవరొచ్చినా చూడటానికి తనుండదు. బతికుండగా వస్తే మాత్రం చూడాలి. వాళ్ళకి వండిపెడుతూ చూడాలి.

ఆ భయం నిన్న ఆదివారం ప్రివ్యూలో, కిటకిటలాడే హాల్లో, తెర నిండా కనపడింది.

అందుకే ఈ ఉదయం ఇంట్లో ఎవరి జావ వాళ్ళ గిన్నెలోనే చల్లారిపోయింది. పొయ్యి మీద అత్తగారు పీడ కడగటానికి పంపరపనస ఆకులు మరగబెడుతోంది. ఆ చేదు వాసన ఉన్న ఒక్క గదినీ నింపి, వసారాలోకి పాకి, ఈ ఇంట్లో ఏదో కీడు జరిగిందని ఆ అంతస్తులో అందరికీ చెప్పేసింది. పళ్ళొస్తున్న నింగ్‌నింగ్ తల్లి భుజం కొరుకుతూ ఏడుస్తోంది.

కామ్‌తోంగ్ బూట్ల తాళ్ళు కట్టుకుంటున్నాడు. కట్టినవే విప్పి మళ్ళీ కడుతున్నాడు.

"అది సినిమా అమ్మా," అన్నాడు.

"అగరొత్తులు నిజమైనవా, సినిమావా?"

"నిజమైనవే."

"మరి దండాలు?"

అతను తాడు గట్టిగా లాగాడు.

"బతికున్న పిల్ల పటానికి నల్ల రిబ్బను కట్టి, అగరొత్తులు గుచ్చి, నలుగురూ నిలబడి వంగి వంగి దండాలు పెట్టారు. పైనున్నవాళ్ళకి మీ కెమెరా కనపడుతుందట్రా? ఫలానా లాన్ పోయిందట అని రాసేసుకుంటారు. ఆ తర్వాత నువ్వెళ్ళి, బాబూ అది సినిమా అని చెప్పు, వింటారు!"

"నన్నేం చేయమంటావు? కెమెరా పెట్టాక డైరెక్టరు మోక్ గారు అడిగారు, హీరో చచ్చిపోయిన పెళ్ళాం ఫోటో ఏదీ అని. ఒక్కడికీ గుర్తు లేదు. మధ్యాహ్నానికల్లా సెట్ ఖాళీ చేసివ్వాలి. ఎక్స్‌ట్రా ఆర్టిస్టుని పిలిపించి ఫోటో తీసేదెప్పుడు?"

"అందుకని నన్ను చంపేశావు," అంది యుక్‌లాన్.

"పర్సులో నీ ఫోటో ఉంది. స్టూడియో పక్కన పెద్దది చేయించారు. అంతే."

"నా ఫోటో నీ పర్సులో ఉందా?"

"ఉండేది."

యుక్‌లాన్‌కు ఒక్క క్షణం కడుపులో చల్లగా అనిపించింది. పెళ్ళైన ఇన్నాళ్ళలో ఆ సంగతి ఆమెకు తెలియదు. అలా చల్లబడినందుకు మరుక్షణమే తన మీద తనకే ఒళ్ళు మండింది.

"నాతో ఒక్కసారైనా చెప్పలేదేం?"

"అదీ ఒక చెప్పుకునే సంగతేనా?"

"అవునులే. నాకు చెప్పకు. ఊరందరికీ చూపించు. పన్ను మీద పన్నెక్కిందని వెనక వరసలో ఎవడో అరిచాడు నిన్న. విన్నావా?"

అత్తగారు గరిటె కింద పెట్టింది. "సరే, కవరేదిరా?"

చావు వేషం వేసినవాళ్ళకి కంపెనీ డబ్బు పెట్టిన ఎర్ర కవరు ఇస్తుంది. లోపల ఎంత పెట్టారన్నది ఎవరికీ పట్టదు. అది పుచ్చుకుంటే ఆ చావు సెట్ మీదే ఆగిపోతుంది, ఇంటిదాకా రాదు. పటం పెట్టినా అంతే. మోక్ గారు ఎంత పిసినారి అయినా ఆ కవరు మాత్రం ఎగ్గొట్టడు.

"ఇచ్చారమ్మా."

"ఎవరికిచ్చారు? దీనికి అందలేదే!"

"పుయ్‌సాన్ పుచ్చుకుంది."

గిన్నెలో నీళ్ళు కుతకుతమంటున్నాయి. నింగ్‌నింగ్ కూడా ఏడుపు ఆపింది.

"పుచ్చుకోటానికి పుయ్‌సాన్ ఎవరు?" అంది యుక్‌లాన్, మెల్లగానే.

"అక్కడే ఉంది. తనే చెయ్యి చాపింది. వదిన బదులు నాకివ్వండి అంది. నేను పనిలో ఉన్నా, పట్టించుకోలేదు."

"వదిన బదులు." ఆ మాట నోట్లో పెట్టుకుని నమిలినట్టు అంది. "ఇంకా వేటివేటికి వదిన బదులు?"

కామ్‌తోంగ్ సంచీ భుజాన వేసుకున్నాడు. "షూటింగుంది. రేవులో క్లైమాక్స్ మళ్ళీ తీస్తున్నారు," అని ఇనుప తలుపు లాక్కుని వెళ్ళిపోయాడు.

కామ్‌తోంగ్ ఫైట్ మాస్టరు. అతని జట్టులో ఒకే ఒక్క ఆడపిల్ల పుయ్‌సాన్. హీరోయిన్‌కి డూప్ వేస్తుంది. హీరోయిన్ గౌను తొడుక్కుని, హీరోయిన్ జుట్టు పెట్టుకుని, మెట్ల మీంచి, మేడల మీంచి పడుతుంది. కామ్‌తోంగ్‌ని అన్నా అంటుంది, యుక్‌లాన్‌ని వదినా అంటుంది. యుక్‌లాన్ నిండు నెలలతో ఉన్నప్పుడు వచ్చి బట్టలుతికిపెట్టింది. అప్పుడు చెల్లెలు లేని లోటు తీరిందనుకుంది పిచ్చిది.

స్నానాల పీట మీద కూర్చోబెట్టి అత్తగారు ఆకుల నీళ్ళు తల మీంచి పోస్తుంటే, యుక్‌లాన్ కళ్ళు మూసుకుంది. మూసుకున్నా అదే కనపడింది.

పటం ముందు హీరో నిలబడి ఉంటాడు. హీరోయిన్ వెనకనుంచి వస్తుంది. అతను తిరిగి ఆమెను కావలించుకుంటాడు. కెమెరా వీపుల మీదే ఉంటుంది. ఉండక ఏం చేస్తుంది? ఆ పూట హీరో ఇంకో సినిమా సెట్టుకీ, హీరోయిన్ మరో సినిమా సెట్టుకీ వెళ్ళిపోయారు. ఇక్కడ మిగిలింది డూపులే. హీరో భుజాలు ఒక్కసారిగా అంత వెడల్పు ఎలా అయ్యాయని హాలంతా పగలబడి నవ్వింది.

యుక్‌లాన్‌కు నవ్వు రాలేదు. ఆ మెడ వెనక జుట్టు ఒకపక్క పైకీ ఒకపక్క కిందికీ ఉంది. కామ్‌తోంగ్‌ని కిటికీ దగ్గర కూర్చోబెట్టి ఆ జుట్టు కత్తిరించింది తనే. మధ్యలో పిల్ల ఏడిస్తే చెయ్యి వంకరపోయింది.

ఆ వీపు మీద పుయ్‌సాన్ చెయ్యి ఉంది. ఊరికే ఉండలేదు. నిమిరింది. డూపులకి నిమరమని ఎవరైనా చెబుతారా?

వాళ్ళిద్దరి మీదుగా పటంలోంచి తను పళ్ళు బయటపెట్టి నవ్వుతూ చూస్తోంది.

"అత్తయ్యా, కవరు వేరేవాళ్ళు పుచ్చుకుంటే ఏమవుతుంది?"

"ఏమవుతుంది? చావు వేషం వాళ్ళదవుతుంది. నీ పీడ నీకు విరగడైంది. ఒకరకంగా మేలే చేసిందే ఆ పిల్ల."

"మేలా!"

"కాక? ఎవరు చాపుతారు ఆ కవరుకి చెయ్యి? అడిగి మరీ?"

"నా పేరు మీదిచ్చింది దాని చేతికెందుకు అత్తయ్యా? నేను లేనా? పోయానా?"

అత్తగారు చెంబు ఆపి కోడలి ముఖం చూసింది. "చావు కూడా ఎవరికీ ఇవ్వనంటావేమే నువ్వు?"

యుక్‌లాన్ తువ్వాలు అందుకుంది. తల తుడుచుకుంటుంటే తలుపు దగ్గర పక్కింటి లుక్ అక్క గొంతు వినపడింది.

"హీరోయిన్ గారు లేచారా? పోయారని విని పలకరించటానికొచ్చా!"

"నోట్లో దుమ్ము పడ," అంది అత్తగారు. "ఆ చెడ్డ మాట వాకిట్లో ఉమ్మేసి లోపలికి రా."

లుక్ అక్క నిజంగానే వసారాలో తుపుక్కున ఉమ్మేసి వచ్చి, చంకలోంచి పేపరు తీసింది. అక్క ఏడో తరగతి దాకా చదివింది. యుక్‌లాన్ ఐదో తరగతి మధ్యలోనే ప్లాస్టిక్ పూల ఫ్యాక్టరీకి పోయింది. పేపరు చదవగలదు కానీ, వేలు పెట్టి, ఆగి ఆగి.

"చేదు టీ రాశాడు," అంది లుక్ అక్క. సినిమాల మీద ఆ పేరుతో రాసే పెద్దమనిషిని చూసినవాళ్ళు లేరు, తిట్టనివాళ్ళూ లేరు. "మీ సినిమా మీదే, పులి దిగిన రేవు. వింటావా? 'ఈ సినిమాలో పులి లేదు. రేవు కూడా సగమే ఉంది. మిగతా సగం అట్టముక్క.' బావుంది కదూ? 'కథ గురించి చెప్పమంటే, హీరో జుట్టు సీనుసీనుకీ మారడం తప్ప నాకేమీ గుర్తులేదు. ఫైట్లు వంద చోట్ల చూసినవే.' మీ ఆయన్నే అంటున్నాడు."

"చదువు."

"'అయినా ఈ సినిమాలో రెండు మంచి విషయాలున్నాయి. ఒకటి, అలమరలో పెట్టిన చనిపోయిన భార్య ఫోటో. నటించడం తెలిసిన ముఖం సినిమా మొత్తానికి అదొక్కటే. ఆ చూపులో ఎంత అసూయ! పోయాక కూడా మొగుణ్ణి వదలని ఆడదాని చూపది. ఎవరో తెలియదు కానీ బతికుంటే పెద్ద నటి అయ్యేది.'"

లుక్ అక్క నవ్వు ఆపుకోలేక పేపరు ముఖానికి అడ్డం పెట్టుకుంది. అత్తగారు కూడా అటు తిరిగి ఆకులు పిండసాగింది.

యుక్‌లాన్ చెవులు ఎర్రబడ్డాయి. ఆ ఫోటో పెళ్ళికి ముందు తీయించుకున్నది. అప్పుడు అసూయపడటానికి ఆమెకెవరున్నారు? మరి ఆ మనిషికెలా తెలిసింది?

"రెండోది?"

"రెండోదిలే..."

"చదువక్కా."

"'రెండోది, వెదురు పరంజా మీంచి పడిన ఆ డూప్ పిల్ల. టికెట్టు కొన్నందుకు గిట్టింది ఆ పడటం ఒక్కటే. ఇంకో అంతస్తు పైనుంచి పడనిచ్చి ఉంటే ఈ సినిమాని క్షమించేవాణ్ణి.'"

ఇద్దర్నీ ఒకే పేరాలో పక్కపక్కనే రాశాడు. చచ్చినదాన్నీ, పడినదాన్నీ.

లుక్ అక్క గొంతు తగ్గించింది. "చూడు లాన్, నీకెందుకు చెప్పాలి గానీ, నిన్న హాల్లో ఆ కావలింత నేనూ చూశా. మా ఆయన నన్నలా కావలించుకుని ఎన్నేళ్ళైందా అనుకున్నా. పనంటే పనే అనుకో. అయినా..."

"అయినా?"

"అయినా, ఏం లేదులే."

ఆ 'ఏం లేదులే' యుక్‌లాన్‌ను ఇంట్లో నిలవనివ్వలేదు. మధ్యాహ్నం నింగ్‌నింగ్‌కు జావ పట్టి, నుదురు తడిమి చూసింది. కాస్త వెచ్చగానే ఉంది. పళ్ళకే అయ్యుంటుందని తనకు తనే చెప్పుకుంది. బట్టతో వీపుకు కట్టుకుని, అత్తగారు వెనక నుంచి పిలుస్తున్నా వినిపించుకోకుండా బస్సెక్కింది.

రేవు దగ్గర పాత గోదాము గోడకి వెదురు పరంజా కట్టారు. దాని మీద కొత్తగా ఇంకో అంతస్తు వెదురు, పచ్చి రంగులో కనపడుతోంది. కింద అట్టపెట్టెలు వరసలు వరసలుగా పేర్చి, పైన పరుపులు వేస్తున్నారు. మోక్ గారు పేపరు చుట్టి చేతిలో పట్టుకుని, దాంతోనే అందరికీ దారి చూపిస్తున్నాడు.

"క్షమిస్తాట్ట! ఇంకో అంతస్తు కావాలట! ఇస్తాం. శుక్రవారం విడుదలకల్లా ఇస్తాం. రండి రండి, ఎండ పోతోంది!"

కామ్‌తోంగ్ మోకాళ్ళ మీద కూర్చుని పెట్టెల అడుగు వరసలో చెయ్యి దూర్చి చూస్తున్నాడు. అతని పద్ధతి అది. ఎంత తొందరున్నా ముందు తను దూకి చూడందే తన మనుషుల్ని దూకనివ్వడు.

"వదినా! నింగ్‌నింగ్‌ని కూడా తెచ్చారే!"

పుయ్‌సాన్ ఆకుపచ్చ గౌనులో పరిగెత్తుకొచ్చింది. లోపల కట్టుకున్న దళసరి మెత్తలకి గౌను ఉబ్బెత్తుగా ఉంది. నింగ్‌నింగ్ వీపు మీంచే కిలకిల నవ్వి, చేతులు రెండూ చాపింది. పొద్దున్నించీ తల్లికి ఒక్క నవ్వు ఇవ్వని పిల్ల.

యుక్‌లాన్ అటు తిరిగి నిలబడింది. ఇప్పుడు పిల్లకి సముద్రం కనపడుతుంది, పుయ్‌సాన్ కనపడదు.

"నా కవరివ్వు," అంది.

పుయ్‌సాన్ ముఖంలో నవ్వు పోయింది. "అన్న చెప్పేశాడా?"

"ఎందుకు తీసుకున్నావ్?"

"వద్దు వదినా. మీకెందుకది? చంటిపిల్ల తల్లి. మీ పటం అక్కడ చూసి నాకే భయమేసింది. ఎవరూ ఏమీ అనటం లేదు. నాకైతే వెనకా ముందూ ఎవరూ లేరు కదా, నేను పుచ్చుకుంటే పోతుందనుకున్నా. రోజూ నడుముకి కట్టుకునే దూకుతున్నా, చూడండి, ఏమీ కాలేదు."

"నీకెవరూ లేరు. అందుకని నావాళ్ళని తెచ్చుకుంటున్నావు."

"అదేం మాట వదినా!"

"వీపు నిమరమని మోక్ గారు చెప్పాడా?"

పుయ్‌సాన్ నోరు తెరిచి మూసింది. ఒక్క క్షణమే. కానీ యుక్‌లాన్ ఆ క్షణం కోసమే బస్సెక్కి వచ్చింది.

"అన్న వణికిపోతున్నాడు వదినా. మీ పటం ముందు నిలబడలేకపోయాడు. ఊరుకో అన్నా, సినిమాయే కదా అని..."

"నా మొగుణ్ణి ఓదార్చటానికి నువ్వు! నా చావు పుచ్చుకోటానికి నువ్వు! ఇంకేం మిగిల్చావే నాకు?"

లైట్లు మోసేవాళ్ళు ఆగి చూస్తున్నారు. పుయ్‌సాన్ వెనక్కి తిరిగి, గౌను లోపల నడుము దగ్గర తడుముకుని, చెమటకి మెత్తబడిన ఎర్ర కవరు తీసింది. రెండు చేతులతో అందించింది. యుక్‌లాన్ ఒక్క చేత్తో లాక్కుంది.

కామ్‌తోంగ్ పరిగెత్తుకొచ్చి పిల్ల నుదురు తడిమాడు. "పిల్లకి ఒళ్ళు కాలుతోంది, ఇక్కడికెందుకు తెచ్చావ్?"

"ఇంటికి పద."

"వస్తా. ఇది దూకాక వస్తా. ముందు నేనోసారి దూకి చూడాలి, పెట్టెలు..."

"ఇప్పుడు."

"లాన్, అంతా చూస్తున్నారు."

"చూడనీ. నిన్న హాల్లో చూశారుగా." ఆమె నాలుగడుగులు వెనక్కి వేసి రేవు అంచున నిలబడింది. కింద నీళ్ళ మీద నూనె తెట్టు కట్టి ఉంది. "నువ్వు రాకపోతే పోనీ. పటం తయారుగానే ఉంది. రేపట్నుంచి నిజంగానే అగరొత్తులు గుచ్చుకో."

అన్నాక ఆ మాట తనకే భయం వేసింది. కానీ వెనక్కి తీసుకోలేదు.

కామ్‌తోంగ్ నీళ్ళ వైపు చూశాడు. పెళ్ళాం వీపున ఉన్న బిడ్డ వైపు చూశాడు.

"మాస్టరూ, ఎండ!" అని మోక్ గారు పేపరు ఊపాడు.

"వెళ్ళండన్నా," అంది పుయ్‌సాన్. "వదినతో వెళ్ళండి. పెట్టెలు నేను చూసుకుంటాలే."

అతను వచ్చాడు. చెయ్యి చాపుకుంటూ, పిల్లిని పట్టుకోబోయేవాడిలా మెల్లగా వచ్చి, యుక్‌లాన్ మోచెయ్యి పట్టుకున్నాడు. అలా పట్టుకునే బస్సు దాకా నడిపించాడు. వెనక ఎవరో మెట్లెక్కుతుంటే వెదురు కిర్రుకిర్రుమంది. యుక్‌లాన్ తిరిగి చూడలేదు. గెలిచినవాళ్ళు తిరిగి చూడనక్కర్లేదు.

బస్సులో కిటికీ పక్కన కూర్చుంది. పిల్లని ముందుకు తిప్పి ఒళ్ళో వేసుకుంది. నింగ్‌నింగ్ నిద్రపోయింది, ఒళ్ళు కూడా కాస్త చల్లబడింది. కామ్‌తోంగ్ భుజం ఆమె భుజానికి తగులుతోంది. ఎన్నాళ్ళైందో ఇలా పక్కపక్కన కూర్చుని. ఆ కవరు గుప్పిట్లో తడితడిగా ఉంది.

అతను తన అరచేతినే చూసుకుంటున్నాడు. అలిగాడనుకుంది. అలిగినా పక్కనే అలిగాడు కదా అనుకుంది.

"అడుగు వరస తడిసింది," అన్నాడు కామ్‌తోంగ్.

"ఏంటి?"

"పెట్టెలు. రాత్రి వాన కదా. గోదాము బయటే పేర్చారు. పైవి పొడిగానే ఉన్నాయి. కిందవి మెత్తగా తగిలాయి చేతికి. మార్పిద్దామని లేస్తుంటే..."

"చెప్పావా మరి?"

అతను ఆమె వైపు తిరిగాడు. కోపంగా చూస్తాడనుకుంది. కోపం లేదు. అలసిపోయిన ముఖం.

"చెప్పనిచ్చావా?"

బస్సు ఒక స్టాపులో ఆగింది. కూరగాయల సంచీతో ఒక ముసలాయన నెమ్మదిగా దిగాడు. బస్సు కదిలింది.

"పుయ్‌సాన్ అయితే పైపైనే తడిమి ఊరుకుంటుంది," అన్నాడు కామ్‌తోంగ్. "ఎప్పుడూ నేనే చూస్తాగా, దానికి అలవాటు లేదు. అందులోనూ ఇంకో అంతస్తు పైనుంచి."

యుక్‌లాన్ గుప్పిట బిగించింది.

"తర్వాతి స్టాపులో దిగనా?"

అడిగాడు. దిగలేదు, అడిగాడు. రేవు అంచున ఆమె అన్న మాట ఇంకా అతని చెవుల్లోనే ఉంది. ఆమె ఊఁ అంటే దిగి పరిగెడతాడు. ఆ పిల్ల దగ్గరికే పరిగెడతాడు. తన పక్క చోటు ఖాళీ అవుతుంది.

ఊఁ అనాలి. అంతే. పిల్లకి ఊఁ కొట్టడం లాంటిదే. యుక్‌లాన్ నాలుక కదలలేదు.

బస్సు స్టాపు దగ్గరపడి నెమ్మదించింది. ఆగింది. తలుపు తెరుచుకుంది. కామ్‌తోంగ్ సీటు అంచుకి జరిగి, పెళ్ళాం ముఖంలోకే చూస్తున్నాడు.

ఆమె ఊఁ అంటుందో లేదో తేలేదాకా ఆగటానికి లేదు. మీలో ఎవరికైనా ఆ రేవు వైపు పని ఉంటే, దయచేసి కాస్త త్వరగా వెళ్ళండి. పాత గోదాము గోడకి వెదురు కట్టి ఉంటుంది. ఆకుపచ్చ గౌనులో ఒక పిల్ల ఉంటుంది, పేరు పుయ్‌సాన్. ఇంకా దూకకపోతే, అడుగు వరస పెట్టెల్లో చెయ్యి పెట్టి చూడమని చెప్పండి. దూకేసి ఉంటే, దగ్గరికెళ్ళి, పేరు పెట్టి పిలిచి, ఆ పిల్ల పలికిందో లేదో ఒక్కసారి చూసి రండి.